పొలానికి ఎకరాల లెక్క కట్టారు, పానానికి ఎవరు కడతారు?

లగచర్లలో ఫార్మా కోసం భూములు ఇవ్వమన్నారు. దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊరంతా రోడ్డెక్కింది. గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలోనూ అదే ఇథనాల్, అదే గొడవ. పక్క రాష్ట్రంలో నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కు వద్దని రాజయ్యపేట మత్స్యకారులు దీక్షలకు కూర్చున్నారు. ఇవన్నీ 2024, 2025 సంవత్సరాల్లోని సంగతులే. ప్రతిచోటా ఊరోళ్లు అడిగింది ఒక్కటే: "మా నీళ్లు ఏమైతయి? మా పిల్లలు ఏమైతరు?" ప్రతిచోటా వచ్చిన జవాబూ ఒక్కటే: "అంతా శుద్ధి చేసే వదులుతారు, మీరు అనవసరంగా భయపడుతున్నారు, అభివృద్ధికి అడ్డం పడుతున్నారు."

ఈ రైతులది ఉత్త భయమా, కాదా అని తెలుసుకోవడానికి దూరం పోనక్కర లేదు. హైదరాబాద్ నుంచి ముంబయి రోడ్డు పట్టుకుని ముప్పై కిలోమీటర్లు పోతే పటాన్‌చెరు వస్తుంది. యాభై ఏండ్ల కింద అక్కడి రైతులకు కూడా ఈ మాటలే చెప్పారు. ఆ ఊళ్లలో ఏం జరిగిందో, ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎంత పోగొట్టుకున్నారో తెలుసుకున్నాక ఎవరైనా కొత్తగా భూమి ఇవ్వాలో వద్దో నిర్ణయించుకోవచ్చు.

నక్కవాగు కథ

పటాన్‌చెరు పారిశ్రామిక వాడ 1970ల మధ్యలో మొదలైంది. వెనుకబడిన మెదక్ జిల్లాను బాగు చేస్తామన్నారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ ఎంపీ అయినాక ఇంకా ఫ్యాక్టరీలు వచ్చాయి. బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం దాకా పాకాయి. వీటిలో ఎక్కువ పేరు పొందినవి బల్క్ డ్రగ్ కంపెనీలు. అంటే గోలీ, సూది మందు తయారు కాకముందు అందులో ఉండే అసలు రసాయనాన్ని చేసేవి.

బల్క్ డ్రగ్ అంటే ఏమిటో రైతు అర్థం చేసుకోవాలి. ఒక కిలో మందు సరుకు బయటికి రావాలంటే దాని వెనక పదుల కిలోల వ్యర్థం మిగులుతుంది. ఘాటైన సాల్వెంట్లు, ఆమ్లాలు, ఉప్పులు, సగం మారిన రసాయనాలు. గోలీ పోయి ప్రపంచమంతా అమ్ముడవుతుంది. ఈ మిగిలింది మాత్రం పుట్టిన చోటనే ఉంటుంది. దాన్ని పద్ధతిగా శుద్ధి చేయాలంటే ఖర్చు ఎక్కువ. వాగులో వదిలితే ఖర్చు లేదు. కథ మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది.

ఇసుకవాగు, పాములవాగు కలిసి నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి, మంజీర గోదావరిలోకి. ఈ వాగు మీద ఆధారపడి వరి, చెరుకు, కూరగాయలు పండించిన ఊళ్లు ఎన్నో. 1980ల్లోనే వాగు నీళ్లు రంగు మారాయి. మడిలో పారిన నీళ్లకు వరి కంకి తాలుపోయింది. పొలంలో దిగిన కూలీల కాళ్లకు పుండ్లు. వాగులో నీళ్లు తాగిన బర్లు ఈసుకపోయాయి, కొన్ని చచ్చిపోయాయి. బాయిల్లోకి, తర్వాత బోర్లలోకి రసాయనం దిగింది. ఆరు వందల అడుగులు దింపినా ఎర్రటి నీళ్లు, కంపు నీళ్లు.

అక్కడి జనానికి నాయకత్వం ఇచ్చింది పటాన్‌చెరులో వైద్యం చేస్తున్న డాక్టర్ అల్లాని కిషన్ రావు. రోగులను చూసీ చూసీ, రోగం మూలం ఎక్కడుందో గుర్తుపట్టి రైతులతో కలిసి నడిచిన మనిషి ఆయన. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలని, నష్టపోయిన రైతులకు పరిహారం కట్టాలని కోర్టు చెప్పింది. తర్వాత ఆ కేసు హైకోర్టుకు వచ్చింది, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయింది. 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడు ఏండ్లు. కేసు వేసిననాడు పుట్టిన పిల్లలకు తీర్పు వచ్చేనాటికి పిల్లలు పుట్టారు.

ఎకరాల లెక్కలో మనిషి లేడు

పరిహారం ఎట్లా లెక్క కట్టారో చూడండి. తరి ఎంత, చెల్క ఎంత, ఎన్నేండ్లు పంట పోయింది అని ఎకరాల లెక్కన కట్టారు. అది కొంతలో కొంత న్యాయమే, కాదనను. కానీ ఆ లెక్కలో మంచం పట్టిన మనిషి లేడు. గుంట భూమి లేని కూలీ లేడు. వాగులో చేపలు పట్టి బతికిన ముదిరాజు లేడు, ఉతికి బతికిన చాకలి లేడు. పంట పోతే ఒక యాసంగి పోతుంది. ఊపిరితిత్తులు పోతే ఇల్లు పోతుంది.

ఒంటికి వచ్చిన నష్టాన్ని ఎందుకు లెక్క కట్టలేదు అని అడిగితే ఎప్పుడూ ఒక్కటే జవాబు: "ఆ రోగం ఫ్యాక్టరీ వల్లనే వచ్చిందని రుజువు ఏమిటి?" బీడీ తాగుతాడు కాబట్టి దగ్గు అంటారు. మందు తాగుతాడు కాబట్టి లివర్ పోయిందంటారు. పొలంలో పురుగుమందు కొడతాడు కాబట్టి చర్మరోగం అంటారు. ఒక్కో మనిషిని విడదీసి చూస్తే ఏ డాక్టరూ కాగితం మీద ఫ్యాక్టరీ పేరు రాయలేడు. కానీ ఊరును మొత్తంగా చూస్తే సంగతి వేరే. 2004లో గ్రీన్‌పీస్ సంస్థ మెదక్ జిల్లా కాలుష్య గ్రామాల ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. ఫ్యాక్టరీలకు దగ్గరి ఊళ్లనూ, దూరంగా ఉన్న ఊళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చింది. దగ్గరి ఊళ్లలో క్యాన్సర్లు, గుండె జబ్బులు, నరాల జబ్బులు, శ్వాస, చర్మ రోగాలు ఎక్కువని తేల్చింది. ఇట్లాంటి పోలిక సర్కారు తనంతట తాను మొదటి ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చిన రోజు నుంచే చేసి, ఏటేటా బయటపెట్టాల్సింది. అప్పుడు రుజువు ఏదని ఎవరూ అడిగేవారు కాదు. రుజువు పుట్టకుండా చూసి, తర్వాత రుజువు తెమ్మనడం ఎక్కడి న్యాయం?

శుద్ధి చేసిన నీళ్లలో ఏముంది?

"ఇప్పుడు శుద్ధి కేంద్రం ఉంది కదా" అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం 1994 నుంచి నడుస్తోంది. సుమారు తొంభై మందుల కంపెనీల నుంచి ట్యాంకర్లలో వచ్చే నీళ్లు అక్కడ శుద్ధి అవుతాయి. స్వీడన్ దేశపు గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి బయటికి వదిలే నీళ్లను, అంటే శుద్ధి అయిపోయిన నీళ్లను, పరీక్ష చేసి 2007లో ఫలితం ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మనం జ్వరానికి, విరేచనాలకు వేసుకునే యాంటీబయాటిక్ అదే. గోలీ వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఆ నీళ్లలో ఉన్నది ఎక్కువ. ఒక్క రోజులో అక్కడి నుంచి పోయిన ఆ మందు 45 కిలోలని లెక్కగట్టారు. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజులు వాడుకునేంత. 2009లో మరో పరిశోధన అక్కడి చెరువుల్లోనూ, ఊళ్ల బాయిల్లోనూ మందుల అవశేషాలు ఉన్నాయని చూపింది.

దీనివల్ల ఏమవుతుంది? మనం పొలంలో ఒకే పురుగుమందు పదేపదే కొడితే పురుగు దానికి అలవాటు పడి చావదు. అది మనకు తెలిసిన సంగతే. యాంటీబయాటిక్ నిండిన నీళ్లలో బతికే సూక్ష్మక్రిములు కూడా అంతే. మందుకు చావని క్రిములు తయారవుతాయి. శుద్ధి కేంద్రం కింది వాగు మట్టిలో మందుకు లొంగని గుణం గల క్రిములు లెక్కలేనన్ని ఉన్నాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అవి వాగు దగ్గరే ఆగవు. బర్రె పొదుగు మీద వస్తాయి, ఆకుకూర మీద వస్తాయి, చేతి మీద వస్తాయి. రేపు పిల్లకు జ్వరమొస్తే ఆస్పత్రిలో ఇచ్చే మందు పనిచేయదు. ప్రపంచానికి మందు ఇచ్చిన ఊరికే మందు పనిచేయకుండా పోవడం, ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

మరి దీనికి చట్టంలో హద్దు ఉందా? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా ఒకటి ఇచ్చింది. కంపెనీ వదిలే నీళ్లలో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో ఒక్కొక్క మందుకు హద్దు పెట్టింది. కంపెనీలు ఒప్పుకోలేదు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు మాయమయ్యాయి. కంపెనీ గేటు దగ్గర పెట్టిన ఆన్‌లైన్ మీటరు నీళ్ల పులుపును, మురికిని చూస్తుంది. మందు అవశేషాన్ని చూడదు. కాబట్టి "అన్నీ పరిమితిలోనే ఉన్నాయి" అని బోర్డు చెప్పినప్పుడు అది అబద్ధం కాకపోవచ్చు. పరిమితే లేనిదానికి మించడం ఎట్లా కుదురుతుంది?

ఇక్కడి విషం అక్కడికి

పటాన్‌చెరు రైతుల పోరాటం ఊరికే పోలేదు. మంచినీళ్ల పైపులు వచ్చాయి. వాగులోకి బాహాటంగా వదలడం తగ్గింది. ఇది పోరాటం వల్ల వచ్చిందే తప్ప ఎవరి దయ వల్లా రాలేదు. కానీ ఒక పరిష్కారం చూడండి. శుద్ధి కేంద్రం నీళ్లు నక్కవాగులోకి పోకుండా 18 కిలోమీటర్ల పైపులైను వేసి హైదరాబాద్ మురుగుతో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. అక్కడి నుంచి అవి మూసీలో కలుస్తాయి. మూసీ కింద ఎవరున్నారు? ఆ నీళ్లతో వరి, గడ్డి, ఆకుకూరలు పండించే రంగారెడ్డి, యాదాద్రి, నల్లగొండ రైతులు. మెదక్ రైతు గొంతులోది తీసి నల్లగొండ రైతు గొంతులో పోశారు. మూసీ పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. విషానికి చోటు మారింది, విషం పోలేదు. మన సంఘం ఒక జిల్లా సమస్యను ఇంకో జిల్లా మీదికి తోసే పరిష్కారానికి ఎన్నడూ ఒప్పుకోకూడదు.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే అత్యంత ప్రమాదకరం అన్నట్టు. పటాన్‌చెరు - బొల్లారానికి 70.07, విశాఖపట్నానికి 70.82. కొత్త ఫ్యాక్టరీలు ఆపండని 2010లో నిషేధం కూడా పెట్టారు. తర్వాత అది సడలింది. 2017లో గండిగూడెం చెరువులో లక్షల చేపలు చచ్చి తేలాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరిన్ గ్యాసు నిద్రలోనే పన్నెండు మంది ప్రాణం తీసింది. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడుకు నలభై మందికి పైగా కార్మికులు బలయ్యారు, ఎక్కువమంది బీహారు, ఒడిశా నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. గోడ లోపల కార్మికుడిని కాపాడని యాజమాన్యం గోడ బయట రైతును కాపాడుతుందని నమ్మమంటారా?

మనలో మనం మాట్లాడుకోవాల్సినవి

కాలుష్యం మీద ఊరంతా ఒక్కటి కాకపోవడానికి కారణాలు మనలోనే రెండు ఉన్నాయి. దాచుకుని లాభం లేదు.

ఒకటి, కొలువు. మన కొడుకులు, అల్లుళ్లు అవే ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేస్తారు. ఊరు ధర్నా చేస్తే ముందు వాళ్లను గేటు బయట నిలబెడతారు. అందుకే చాలామంది వాసన వచ్చినా కిటికీ మూసుకుని పడుకుంటారు. దీనికి జవాబు ఫ్యాక్టరీ మూసేయమనడం కాదు. చట్టం ప్రకారం నడపమనడం. కార్మిక సంఘాలూ మనమూ ఒకే వేదిక మీద కూర్చుంటే తప్ప ఈ భయం పోదు. ఎందుకంటే ఆ విషం ముందు పీల్చేది కార్మికుడే.

రెండోది, ధర. ఊరి పేరు కాలుష్యంలో పడితే ఆ ఊరి పాలు కేంద్రంలో తీసుకోరు, కూరగాయలకు మార్కెట్లో బేరం రాదు, భూమికి ధర పడిపోతుంది, పిల్లకు సంబంధం కూడా వెనక్కి పోతుంది. అందుకే నష్టపోయిన రైతే నోరు మూసుకుంటాడు. ఈ భయం నిజమైనది. దాన్ని తప్పు పట్టకూడదు. కానీ మనం మాట్లాడకపోతే మన పాలు తాగే పట్నం బిడ్డకూ అదే విషం పోతుంది. మాట్లాడిన రైతు నష్టపోకుండా ఉండాలంటే, కాలుష్యం తేలిన ఊళ్ల పంటకు, పాలకు నష్టపరిహారం వెంటనే, కేసు తేలేదాకా ఆగకుండా ఇచ్చే నిధి ఉండాలి. ఆ నిధిలో డబ్బు కంపెనీలు కట్టాలి.

అడిగే దారులు మూసేస్తున్నారు

ఇదే సమయంలో పైనుంచి చట్టాలను వదులు చేస్తున్నారు. 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కానీ అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపల పెట్టే ఫ్యాక్టరీకి విడిగా ప్రజాభిప్రాయం అక్కర లేదు. అంటే ఫార్మా పార్కుకు ఒక్కసారి తల ఊపితే, తర్వాత లోపలికి ఏ కంపెనీ వచ్చినా, ఏ రసాయనం తెచ్చినా మిమ్మల్ని అడగరు. 2020లో కోవిడ్ పేరు చెప్పి బల్క్ డ్రగ్ కంపెనీలకు, 2021లో పెట్రోలులో కలిపే ఇథనాల్ ఫ్యాక్టరీలకు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా వెసులుబాటు ఇచ్చారు. ఊళ్లో గోడ లేచిందాకా జనానికి తెలియకపోవడం ఇందుకే. 2024లో నీటి కాలుష్య చట్టాన్ని సవరించి, చాలా ఉల్లంఘనలకు జైలు తీసేసి పది వేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానా పెట్టారు. కోట్ల వ్యాపారానికి పదిహేను లక్షలు ఒక ఖర్చు పద్దు మాత్రమే.

మన చేతిలో మిగిలిన దారులు కూడా తెలిసి ఉండాలి. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు రావాలి. నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. సభ మొత్తం వీడియో తీయాలి. చివర మనం చెప్పిన మాటలు రాసుకున్నది మనకు చదివి వినిపించాలి. ఇందులో ఏది జరగకపోయినా అక్కడే లేచి చెప్పి, రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. మనం సీసాలో పట్టుకుపోయిన కంపు నీళ్లు కోర్టులో సాక్ష్యంగా నిలబడవు. అధికారి వచ్చి, యాజమాన్యానికి నోటీసు ఇచ్చి, శాంపిల్‌ను రెండు భాగాలు చేసి సీలు వేయాలి. అయినా మన సీసా వృథా కాదు. తేదీ, టైము, చోటు రాసి ఫొటో తీసి ఫిర్యాదు పెడితే, అధికారి రాకపోవడమే రేపు మనకు సాక్ష్యం. పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో కంపెనీకి ఇచ్చిన అనుమతి, దాని షరతులు, తనిఖీ రిపోర్టులు అడగవచ్చు. హరిత ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం కోసం ఐదేండ్లలోపు దరఖాస్తు వేయాలి. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు కూడా.

మనం అడగాల్సినవి

ఒకటి: పారిశ్రామిక వాడ చుట్టూ ఉన్న ప్రతి ఊళ్లో సర్కారు ఖర్చుతో ఆరోగ్య రిజిస్టరు పెట్టాలి. క్యాన్సరు, గర్భస్రావం, పుట్టుకలో లోపం, కిడ్నీ, శ్వాస జబ్బులు అన్నీ ఏటా రాసి గ్రామసభలో చదవాలి. కొత్త ఫ్యాక్టరీ వచ్చే ఊళ్లలో ఈ పని పునాది రాయి వేయకముందే జరగాలి.

రెండు: రోగం ఫ్యాక్టరీ వల్ల కాదని నిరూపించే బాధ్యత కంపెనీ మీద పెట్టాలి. వల్లనే అని నిరూపించే బాధ్యత రోగి మీద కాదు.

మూడు: వదిలే నీళ్లలో యాంటీబయాటిక్ అవశేషాలకు 2020 ముసాయిదాలో పెట్టిన హద్దులను చట్టంగా చేయాలి.

నాలుగు: పార్కు లోపల వచ్చే ప్రతి ప్రమాదకర ఫ్యాక్టరీకి విడిగా ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ఇథనాల్, బల్క్ డ్రగ్‌లకు వెసులుబాటు ఉండకూడదు.

ఐదు: పరిహారం పట్టా ఉన్నవాడికే కాదు, కౌలు రైతుకు, కూలీకి, పశువుల కాపరికి, చేపలు పట్టేవాడికి కూడా ఇవ్వాలి. వైద్యం ఖర్చు ఆరోగ్యశ్రీ మీద వేయడం అంటే కంపెనీ అప్పు జనం కట్టడమే. ఆ ఖర్చు కంపెనీల నుంచి వసూలు చేయాలి.

ఇవి దొరికేదాకా మన మండల కమిటీలు ఒక పని మొదలుపెట్టొచ్చు. ప్రతి కాలుష్య గ్రామంలో ఇద్దరు యువకులను పెట్టి ఒక నోటుబుక్కు తెరవండి. ఏ రాత్రి వాసన వచ్చింది, ఏ తేదీన వాగు రంగు మారింది, ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు, ఎన్ని బర్లు ఈసుకపోయాయి రాయండి. వాన పడ్డ రాత్రి తప్పకుండా రాయండి, వరదలో కలిపి వదలడం వాళ్లకు అలవాటు. ఆ ఇంటోళ్లు ఒప్పుకుంటేనే పేరు రాయండి. ఒక్క ఏడాది ఇట్లా రాస్తే, రుజువేదని అడిగేవాళ్ల బల్ల మీద పెట్టడానికి మన దగ్గర ఒక పుస్తకం ఉంటుంది.

భూమి ఇమ్మని వచ్చే అధికారులు ఎకరానికి ఎంత అని మొదలుపెడతారు. ధర పెంచితే మనమూ మెత్తబడతాం, అప్పులున్నవాళ్లం కదా. అందుకే ధర మాట్లాడకముందే అడగండి: పటాన్‌చెరు చుట్టూ ఉన్న ఏ ఊరి బోరు నీళ్లయినా ఒక గ్లాసు తాగి చూపిస్తారా అని. వాళ్లు తాగిన రోజు ధర సంగతి మాట్లాడుకుందాం.